పిల్లికి బిచ్చం

ట్రాబ్జోన్ రేవులో చలికాలమంటే
హమ్సీ చేపల కాలం.
పడవ దిగిన బుట్టల్లోంచి గుప్పెడు
కాగితంలో చుట్టుకుని ఇల్లు చేరేవాణ్ణి,
లోదోస్, నీ కోసం.
దక్షిణపు గాలి పేరు పెట్టుకున్నాను నీకు,
తలుపు తీయకముందే హోరెత్తేదానివని.

పచ్చివే పెట్టేవాణ్ణి. పొద్దున అయిదు, మధ్యాహ్నం అయిదు,
రాత్రి లెక్కలేనన్ని.
పైన గిన్నెడు పాలు.
కళ్ళు మూసుకుని పాలు తాగేది పిల్లి అంటారు గానీ
కళ్ళు మూసుకుని పోసింది నేను.

మాఘపు మంచు కరగకముందే ఒకరోజు
సోఫా మీదికి దూకబోయి నేల మీద పడ్డావు.
మెడ వంగిపోయింది, ఎవరో నీ గడ్డాన్ని
దారంతో చాపకు కుట్టేసినట్టు.
కనుపాపలు పట్టపగలే రెండు నల్ల బావులు.
తప్పతాగినవాడిలా తూలుతూ నడిచావు. నేను నవ్వాను కూడా.
ఆ నవ్వు ముల్లులా ఇంకా గొంతులోనే ఉంది.

నుర్హయాత్ డాక్టరమ్మ తిట్టలేదు.
ఏం పెడుతున్నారని మాత్రం అడిగింది.
"అన్నీ తాజావే," అన్నాను గొప్పగా, "తెల్లారి పట్టినవే."
సూదిమందు ఎక్కిస్తూ, నా వైపు చూడకుండా అంది:
"పచ్చి హమ్సీ ఒంట్లోని బి విటమిన్‌ని
మెల్లగా హరించేస్తుంది సఫెత్ గారూ.
మీ పిల్లి చేపల్ని తింటోంది,
చేపలు మీ పిల్లిని తింటున్నాయి."

నలభై ఏళ్లు వలలు కుట్టిన చేతులివి.
ఏ కన్ను ఎంతుండాలో, ఏ చేపను పోనివ్వాలో
వేలితో కొలిచి చెప్పగలను.
నీ గిన్నెకు మాత్రం కొలత పెట్టలేదు.
సబిహా పోయాక ఈ ఇంట్లో
నేను పెడితే తినే నోరు నీదొక్కటే.

ఇప్పుడు వంటింట్లో కంసాలి త్రాసంత త్రాసు.
పొద్దున ఇంత, సాయంత్రం ఇంత.
నీళ్ల గిన్నె రోజూ కడిగి నింపుతాను,
నువ్వు మాత్రం కుళాయి చుక్కలే నాకుతావు, అది వేరే సంగతి.
ఉల్లిపాయ పడిన కూర ముక్క లేదు.
మేనకోడలు లిల్లీ పూలు తెస్తే
గుమ్మంలోనే అందుకుని పక్కింటికి ఇచ్చేశాను;
పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది.
నీ టీకా తారీఖు క్యాలెండరులో
నా బీపీ తారీఖు పక్కనే రాసుంది.
హమ్సీయా? ఎప్పుడో ఒకటి. అదీ ఉడికించి.

టీకొట్టులో తెవ్‌ఫిక్ వేళాకోళం:
"ముసలాడా, పిల్లికి బిచ్చం పెట్టనివాడివైపోయావు!"
అవునయ్యా, అన్నాను. చక్కెర ఇటు జరుపు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
అడుగుతుంటే పెట్టకుండా ఉండటం
ఏ అమ్మ నేర్పాలి నాకు?
రాత్రి ఖాళీ గిన్నె దగ్గర నువ్వు అరుస్తుంటే
చేతుల మీద కూర్చుంటాను.

విసిగిపోయి, నా వైపు వీపు తిప్పి,
సోఫా ఎత్తు ఒకసారి చూసుకున్నావు నిన్న.
దూకావు.
జానెడు తక్కువైంది.
గోళ్లతో గుడ్డ చించుకుంటూ
మిగతాది పాకావు.