ఆరున్నొక్కటి

మా మిర్చి యార్డులో ఒకటి ఉండదు.
మొదటి టిక్కీ కాటా ఎక్కితే లాభం అంటాం,
తర్వాత రెండు, మూడు.
ఆరు దాటాక ఆరున్నొక్కటి అని
ఎనిమిదికి పోతాం.
ఏడు అనకూడదు. అంటే ఏడవాల్సొస్తుందని
మా నాయన, వాళ్ల నాయన,
చేతిలో కాలిక్యులేటర్ ఉన్న గుమాస్తా పూర్ణయ్య కూడా.

పాపకి ఎన్నో నెలని డాక్టరమ్మ అడిగితే
మా అమ్మ అంకమ్మ అదే చెప్పింది. ఆరున్నొక్కటి.
కొత్తపేట ఆస్పత్రిలో ఆ లెక్క ఎవరికీ రాదు.
డాక్టరమ్మ నవ్వి చీటీ మీద ఏడు వేసింది.
నేను గోడ మీది టీకాల పట్టిక వైపు చూశాను.

జలుబే అంది.
ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని
మళ్లీ జలుబే అంది.
జ్వరం చుక్కలు బరువును బట్టి రాయాలంటే
మోక్షితని కాటా మీద పడుకోబెట్టారు.
గౌను బరువు తీశారా అని అడిగాను.
సంచి బరువు తీయకపోతే మా దగ్గర గొడవలవుతాయి.

"రాత్రి ఆయాసం వస్తేనండీ?" త్రివేణి గొంతు సగమే వచ్చింది.
"పడుకున్నప్పుడు పొట్ట చూడండి. నిమిషమంతా లెక్కపెట్టండి.
యాభై దాటినా, డొక్కలెగరేసినా, పాలు తాగకపోయినా
తెల్లారనివ్వకండి, పెద్దాసుపత్రికి వెళ్లిపోండి."

సంగడిగుంటలో మాది రేకుల ఇల్లు.
పన్నెండున్నరకి ఫ్యాను ఆపాను, చప్పుడు అడ్డమని.
సెల్ఫోన్ వెలుగులో అరచేయంత పొట్ట.
లాభం. రెండు. మూడు.
పగలంతా ఎనిమిదొందల టిక్కీలు తప్పకుండా ఎంచినవాణ్ణి
ఇక్కడ తప్పుతున్నాను.
ఒకసారి నలభై నాలుగు, ఒకసారి నలభై. అసలెంత?

అమ్మ గుప్పెడు కళ్లుప్పూ నాలుగు ఎండుమిరపకాయలూ తెచ్చింది.
దిష్టి తీసి పొయ్యిలో వేస్తుందట.
చెయ్యి పట్టుకున్నాను.
నా చొక్కా బయట తీగ మీద ఉంది చూడమ్మా,
సీజను మొదలైన దగ్గర్నించీ అది గడప దాటలేదు.
పంపు దగ్గర రెండుసార్లు సబ్బు రుద్దుకుంటాను,
అయినా నా గోళ్లలో తేజా ఉంటుంది,
ముద్దుపెట్టుకుంటే పిల్ల తుమ్ముతుంది.
ఇప్పుడు ఇంట్లో ఘాటు పొగా?

"నిన్ను ఇట్టాగే పెంచాలేరా."
పెంచింది. నాకు ముందు పుట్టినవాణ్ణీ ఇట్టాగే పెంచింది.
వాడి పేరు మా ఇంట్లో ఎత్తరు.
ఎన్నో నెలలో పోయాడని చిన్నప్పుడు అడిగితే
చేట పక్కన పెట్టి చెప్పింది,
ఆరున్నొక్కటి.

మిరపకాయలు కొంగున ముడేసుకుని
పిల్ల కాళ్ల దగ్గర కూర్చుంది.

అప్పుడు తెలిసింది తప్పెక్కడో.
ఆరున్నొక్కటి అనేలోపు
రెండు ఊపిర్లు దాటిపోతున్నాయి.
పెద్ద మాట అది. పిల్లది అంతసేపు ఆగదు.

లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు.
ఏడు.

అమ్మ నా వైపు చూసింది. ఏమీ అనలేదు.
పదిహేడు. ఇరవై ఏడు.
ముప్పై ఏడు దగ్గర త్రివేణి నా మోకాలు పట్టుకుంది.
నలభై ఏడు.
నలభై ఎనిమిది. నిమిషం అయిపోయింది.

ఆటో మస్తాన్‌వలికి ఫోను చేసి
మెలకువగా ఉండమన్నాను, అంతే.
చుక్కలు వేశాం. తడిగుడ్డతో ఒళ్లు తుడిచాం.
రెండింటికి నలభై మూడు.
మూడున్నరకి ముప్పై ఎనిమిది, అది అమ్మ లెక్క,
ఆవిడ వేళ్ల కణుపుల మీద వేసింది.

తెల్లవారుజామున పిల్ల లేచి
ముక్కు మూసుకుపోయిన కోపంతో
వీధి చివరిదాకా వినపడేట్టు ఏడ్చింది,
పాల కోసం.
ఏడు తల్లీ, అంటోంది మా అమ్మ. ఏడు, ఇంకా ఏడు.

పొద్దున కాటా దగ్గర
ఆరో టిక్కీ తర్వాత నా నోట అదే వచ్చింది.
ముఠా మొత్తం ఆగింది.
పూర్ణయ్య కళ్లజోడు పైనుంచి చూశాడు.
రాత్రి నిద్ర లేదులే అన్నాను,
తర్వాతది ఎక్కించమన్నాను.