ట్యాంకు మీద అరచెయ్యి

కోళ్లగూటి వెనక, కుళ్లిన దుంగల కింద దొరికింది.
ఇల్లు అమ్మినవాడు దాన్ని లెక్కలో రాయలేదు.
"జావా. యాభై ఏడు మోడల్. పాత ఇనుముకి వేసెయ్" అన్నాడు.
గాలి ఫిల్టర్‌లో ఎలుకలు పురిటిగది కట్టుకున్నాయి.
సీటు చీలికలోంచి నాచు మొలిచింది.
ముదురెరుపు మాత్రం, జేబురుమాలు తడిపి ఒకచోట తుడిస్తే,
ఆలుబుఖారా పండు కోసినట్టు బయటపడింది.

యెసెనీక్ కొండల కింద రైల్వే గేటు నాది.
రోజుకి పదకొండు రైళ్లు.
చేత్తో తిప్పే గేటు: దించడానికి నలభై రెండు చుట్లు,
ఎత్తడానికి నలభై రెండు.
తిప్పడమంటే నాకు తెలుసనుకున్నాను.
దీని కిక్కు ససేమిరా అంది.
అలిగిన మనిషి దవడలా
ఇంజను బిగుసుకుపోయి ఉంది.

స్పార్క్ ప్లగ్ ఊడదీసి, ఆ రంధ్రంలో డీజిలు పోసి,
పొద్దుటి రైలు పోయాక ఒకసారి,
రాత్రి ఆఖరి రైలు పోయాక ఒకసారి
గేరులో వేసి, వెనక చక్రం పట్టుకుని
ముందుకీ వెనక్కీ ఊపేదాన్ని.
పంతొమ్మిదో రోజు
వెంట్రుకవాసి కదిలింది.
ఎవరికీ చెప్పలేదు.
చెప్పడానికి కోళ్లు తప్ప ఎవరున్నారు?

ఆపైన నాకు చాతకాలేదు. వెండెలీన్ దగ్గరికి పోయాను.
నేతమిల్లులో ముప్పై ఏళ్లు మగ్గాలు బాగుచేశాడు,
ప్రతిఫలంగా మగ్గాలు అతని చెవులు తీసుకున్నాయి.
విత్తనాల పొట్లాల వెనక పెన్సిలుతో మాట్లాడతాడు.
మొదట రాసింది: "బ్లాజెనా, ఇది బండా, తవ్వకాల్లో దొరికిందా?"
రెండోది: "వెనిగర్ తే. ఐదు లీటర్లు."

వెనిగరూ, గుప్పెడు నట్లూ ట్యాంకులో పోసి
చెరో చివరా పట్టుకుని చెరిగాం.
మూడుసార్లు కాఫీ రంగు. నాలుగోసారి తేట.
పాయింట్ల సందు కొలవడానికి గేజు లేదు,
యాల్టా నుంచి చెల్లెలు రాసిన పోస్టుకార్డు అంచు దూర్చి చూశాడు.
కార్బురేటర్ జెట్టులో గడ్డకట్టిన పెట్రోలుని
బ్రష్షులోంచి పీకిన పందివెంట్రుకతో పొడిచాడు.
ఈ బండికి కిక్కు రాడ్డే గేరు రాడ్డు.
"రెండు పనులు, ఒకటే జీతం. నీలాగే" అని రాశాడు.

అక్టోబరులో ఒక సాయంత్రం దగ్గింది.
నీలిపొగ. పక్కింటి కుక్క పరారు.
నేను గంతులేశాను. అతను కదల్లేదు.
ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు,
నాడి చూసే వైద్యుడిలా కాదు,
చీకట్లో పక్కవాడు నిద్రపోయాడా అని తడిమేవాడిలా.
తల అడ్డంగా ఊపాడు.
"నడుస్తోంది. బాగా నడవట్లేదు."

నాకున్నవి రెండు మంచి చెవులు.
తేడా ఏమీ వినపడలేదు.
నా చెయ్యి లాగి తన చేతి పక్కన పెట్టుకున్నాడు.
అక్కడుంది. ప్రతి ఏడో ఎనిమిదో దెబ్బకి
ఒక తడబాటు,
మెట్లు దిగుతూ లేని మెట్టు మీద కాలేసినట్టు.

క్రాంకు సీలు. గాలి దొంగదారిన లోపలికి పోతోంది.
అరవై కొరునాల రబ్బరు ముక్క కోసం
చలికాలమంతా ఇంజను నా వంటింటి బల్ల మీదే,
సూపు గిన్నె పక్కన పిస్టను.
ఒకసారి ఉప్పనుకుని
వాల్వు పొడి డబ్బా అందుకున్నాను కూడా.

ఏప్రిల్లో, చూరు నుంచి మంచు ఇంకా కారుతుండగా,
రెండో తన్నుకే అందుకుంది.
అతను చెయ్యి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు.
ఏమీ రాయలేదు.
పెన్సిలు చెవి వెనకే ఉండిపోయింది.

రెండూ పదకొండు రైలుకి గేటు దించి
ఇంజను ఆపకుండా పక్కనే నిలబెట్టాను.
రైలొచ్చింది. నేల అదిరింది.
చెవుల్లో రైలు తప్ప ఏమీ లేదు.
అరచేతి కింద మాత్రం, అంత అదురులోనూ,
దీని చిన్న దెబ్బలు విడివిడిగా,
ఒక్కటీ తప్పకుండా.
రైలు డ్రైవరు చెయ్యూపాడు. నేను ఊపలేదు,
చెయ్యి ఖాళీ లేదు.

రైలు పోయింది. నలభై రెండు చుట్లు తిప్పాలిప్పుడు.
అవతల ట్రాక్టరువాడు హారను కొడుతున్నాడు.
ఇంకొక్క నిమిషం తిట్టుకోనీ.