కొలత

ముప్పై ఏండ్లు బోరుబండి మీద చేసిన.
మర్రిగూడ, నాంపల్లి, చండూరు –
ఏ చెల్కల ఎన్ని ఫీట్లకు రాయి తగుల్తదో
లేచిన దుమ్ము రంగు చూసి జెప్పేటోణ్ణి.
రాత్రి నిద్ర ఆపెతందుకు
దవడ కింద జర్దా.

ఇప్పుడు నా నోట్లెనే ఊట లేదు.
పట్నంల ముప్పై మూడుసార్లు కరెంటు పెట్టిన్రు,
గడ్డ పోయింది. దాని వెనకనే ఉమ్మి పోయింది.
జొన్నరొట్టె తునక
నీళ్ల సీస లేంది గొంతు దాటదు.

ఎడమదిక్కు కిందిపన్ను గుంజవట్టింది.
చౌరస్త కాడి ఆరెంపీ
"రెండొందలియ్యి, ఒక్క గుంజుడు" అన్నడు.
కుర్చీల కూసొని నోరు తెరిస్తె
రెండు వేళ్లకాడ్నే ఆగింది.
గప్పుడు యాదికొచ్చింది
నుజహత్ డాక్టరమ్మ చీటీ మీద కొట్టిన ఎర్రగీత:
"పెద్దయ్యా, కరెంటు తాకిన దవడల
పొక్క వడితె పూడదు.
మమ్ముల అడగంది ఎవ్వర్నీ పన్ను పీకనియ్యకు.
ఏడాదికి గాదు, బతికున్నన్నాళ్లు."

పూడని పొక్కంటె నాకు జెప్పాల్నా!
మూత లేని బోర్లు ఎన్ని ఇడిసిపెట్టి వచ్చిన్నో.
లేచిన.
"పన్నుకు పట్నమా?" ఆరెంపీ నవ్వు
బస్టాండు దాంక ఎంటొచ్చింది.

బిడ్డ సైదమ్మకు బస్సు ఫ్రీ, నాకు టికెటు,
ఆమె పత్తి కూలి ఒక రోజు గంగల.
డాక్టరమ్మ పన్ను పీకలే. పొక్క పూడ్చింది.
పండ్ల అచ్చు తీసి పల్సటి తొట్లు రెండు చేసింది:
"రోజూ రాత్రి వీట్ల చారెడంత గాదు, చుక్కంత జెల్లు."
"ఏం మందమ్మా?"
"ఫ్లోరైడు."

సైదమ్మ నా మొకం చూసింది.
నేను దింపిన బోర్ల నీళ్లే తాగి
మా వాడకట్టు పిల్లల పండ్లన్ని గోధుమరంగు చారలు.
ఇది పెండ్లి ఫోటోల గూడ
నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.
"గా జహరునే నాకు కాపలా పెడ్తరా?"
"గప్పుడు ఎవరూ కొలవలే, పెద్దయ్యా.
ఇప్పుడు కొలిచి ఇస్తున్న."

రాత్రి తొట్లు కరుచుకొని కూసుంట.
సైదమ్మ గోడ గడియారం చూస్తది.
"అయిదు నిమిషాలైంది నాయినా, ఉమ్మెయ్యి."
ఏముంది బిడ్డా ఉమ్మెతందుకు?
గుడ్డతోని తుడుచుకుంట.
నాలుకతోని తడిమి చూస్త:
ఇరవై రెండున్నయ్.
లెక్క సరిపోతెనే పండుకుంట.