ముళ్ళు

నలభై మూడు డిగ్రీల శనివారం.
పోర్ట్ అగస్టాలో ఈగలు కూడా నీడ వెతుక్కుంటున్నాయి.
డెబ్భై ఆరో మోడల్ లాండ్ రోవర్ డాష్‌బోర్డు కింద
వెల్లకిలా నేను,
క్లచ్ పెడల్ భుజంలో గుచ్చుకుంటూ.

పాత మీటర్లకు చూపు పోయింది.
అద్దాల వెనక చేరిన ఎర్రదుమ్ములో
ముళ్ళు ఎప్పుడో కూరుకుపోయాయి.
కొత్తవి అడిలైడ్ నుంచి పోస్టులో వచ్చాయి,
పెట్రోలుకొకటి, వేడికొకటి, ఆయిలుకొకటి.
పుస్తకంలో బొమ్మ ఉంది. ముచ్చటైన బొమ్మ.
పచ్చ మీద నల్లగీత పెట్రోలు,
పచ్చ మీద నీలిగీత వేడి,
ఉత్త నల్లది ఎర్తు.

విప్పి చూస్తే అన్నీ గోధుమరంగే.
ఆ కొస నుంచి ఈ కొస దాకా
ఒకే చుట్టలోంచి కోసిన ఒకే తీగ.

ఈ బండి నాకమ్మిన నోరీన్ గారి భర్తని,
పోయిన మనిషని కూడా చూడకుండా,
తిట్టాను. తెలుగులోనే తిట్టాను,
బండికి అర్థం కాకూడదని.
"అమ్మా, నేనిక్కడే ఉన్నా," అంది
టార్చి పట్టుకున్న హిమజ.

మల్టీమీటరు అంకెలు అదే చదువుతోంది.
పన్నెండు పాయింట్ నాలుగు. సున్నా. సున్నా.
అంచనా మీద మూడు కలిపి తాళం తిప్పాను.
ఆయిలు ఉలకలేదు.
మిగతా రెండు ముళ్ళూ కూడబలుక్కున్నట్టు
కుడిచివరికంటా పోయి కూచున్నాయి.
ట్యాంకులో ఉన్నది రెండు లీటర్లు.
ఇంజను ఇంకా స్టార్టే చెయ్యలేదు.

ఒక్కటి అబద్ధమాడితే దాన్నే అనుమానించొచ్చు.
రెండూ ఒకే అబద్ధం ఆడుతున్నాయంటే
నేర్పినవాడు వెనకెక్కడో ఉన్నాడు.
ఉన్నాడు. అగ్గిపెట్టెలో సగం లేని రేకుడబ్బా,
ఇద్దరికీ కొలిచి కరెంటు పోసేవాడు,
కాలు నేలకి ఆనక తేలిపోతున్నాడు.
తుప్పు గీకి బోల్టు బిగించాను.
ముళ్ళు నెమ్మదిగా, తలొంచుకుని, దిగొచ్చాయి.

అప్పుడు హిమజ వేలికి తగిలింది.
"దీనికి ముడుంది."
చిన్నది. పంటికి కూడా లొంగని పీటముడి.
పక్కదానికి రెండు. ఆ పక్కదానికి మూడు.

పడ్డవి కావు, వేసినవి.
మర్చిపోకుండా కొంగున వేసుకున్నట్టు
ప్రతి తీగకీ కొసకి జానెడు ఇవతల.
గుచ్చేదీ ముల్లే, చూపేదీ ముల్లే,
ముడి రెండోది పడితే అవీ ముళ్ళే మనకి.
నేను వదిలేసిన మూడు ముళ్ళ తీగ కలిపి
ఇంజను స్టార్ట్ చేస్తే
ఆయిలు లేచి నిలబడింది.

నోరీన్ గారికి ఫోన్ చేశాను.
అవతల కెటిల్ కూసి, ఆగింది.
"డెస్‌కి ఎరుపూ పచ్చా ఒకటేనమ్మా.
రైల్వే షెడ్డులో ముప్పై ఏళ్ళు ఎవరికీ తెలియనివ్వలేదు.
సిగ్నల్ దగ్గర పక్కసీట్లోంచి నేను చెప్పేదాన్ని,
పచ్చ అని కాదు, పద అని.
ముడులా? నాకెప్పుడూ చెప్పలేదే."

నాలుగు ముళ్ళ తీగ సంగతి అప్పటికి నాకూ తెలియదు.
అది ఏ మీటరు దగ్గరికీ పోలేదు.
రేకు వెనక పాక్కుంటూ ఎడమవైపు చేరి,
పొగాకు డబ్బా మూత వంచి చేసిన గొడుగు కింద
చిటికెన వేలి గోరంత బల్బు దగ్గర ఆగింది.
నడిపేవాడి కంట్లో పడదు ఆ వెలుతురు.
పక్కన కూచున్న మనిషి ఒళ్ళో పడుతుంది,
మ్యాపు విప్పితే, అంతవరకే.

కొత్త తీగలు పుస్తకంలో ఉన్న రంగులే కొన్నాను.
బిగించేముందు ఒక్కోదానికీ ముడులేశాను.
ఎందుకని అడిగితే హిమజకి జవాబు చెప్పలేదు,
నోట్లో స్క్రూ ఉంది.

చీకటి పడ్డాక బంకుకి బయల్దేరాం.
పెట్రోలు ముల్లు సున్నాకి వెంట్రుకవాసి పైన
నిజమే చెబుతోంది.
సిగ్నల్ దగ్గర ఆగాను.
ఒళ్ళో చిన్న వెలుగు పెట్టుకుని
"పద," అంది హిమజ.

ఇంకా ఎర్రగానే ఉంది.