నల్లపూసలు

మాట్లాడితే ఎడమకు వాలతది.
మాట్లాడకపోతే దారం పట్టి లాగినట్టు పోతది.
"జబ్బు ఇంతే మే" అన్నాడు మాలకొండయ్య
కావలిలో మా అంగడి మెట్టు మీద కూర్చొని.

ఇసకపల్లి ఉప్పుమడుల పక్కన
మూతపడిన రొయ్యపిల్లల షెడ్డులో
ఆరేళ్ళు రేకు కత్తిరించి, రివెట్లు కొట్టి
సొంతానికి చేసుకున్న విమానం.
రెండు సీట్లు.
ఒకదాంట్లో ఇంతవరకూ ఎవరూ కూర్చోలా.

నన్ను కూర్చోబెట్టినాడు. ఇంజను వెయ్యలా.
ఆటోపైలట్ వేసి
మైకు బొత్తాం నొక్కి "ఒకటీ రెండూ మూడూ" అన్నాడు.
నా చేతులు ఒళ్ళోనే ఉండాయి,
మా కాళ్ళ మధ్య కర్ర
దానంతటదే ఎడమకు జరిగింది,
నిద్దట్లో పక్కకు ఒత్తిగిలిన బిడ్డ మాదిరి.
బొత్తాం వదిల్తే మళ్ళీ నిటారు.

నాయన గుర్తొచ్చినాడు.
ఒకసారి పెళ్ళి పందిట్లో, సరిగ్గా ముహూర్తానికి
మైకులో పోలీసు వైర్‌లెస్ గొంతు:
"ఆ లారీని ఆపండి, నంబరు రాసుకోండి."
అయ్యవారు మంత్రం మరిచిపోయినాడు.
నాయన పెట్టె జోలికే పోలా.
తీగ పట్టుకొని వంటోళ్ళ పొయ్యిల దాకా నడిచినాడు.
"గోల వినపడేచోట కాదు షంషాదూ,
అది దూరినచోట వెతకాల."

మూడు రోజులు వెతికినా.
మొదటిరోజు ఏంటెనాను అనుమానించి తిట్టినా, పాపం.
రెండోరోజు పెట్టె మొత్తం విప్పి
బియ్యం డబ్బాలో పెట్టి మూతేసి చూసినా.
కర్ర ఎడమకే.
మూడోరోజు మధ్యాన్నం, సీటు కింద ఎల్లకిలా పడుకొని
వేడి రేకుకు మోచేతులు చురుక్కుమంటుంటే కనపడింది
మోటారుకు పోయే తీగ.
మీద వల తొడుగైతే ఉంది,
ఏ కొసా ఎర్తుకు కలపలా.
టేపు పెట్టి కొలిచినా.
రెండడుగులకు అరంగుళం తక్కువ.
ఆయన గొంతు మోసుకుపోయే అలలో
అచ్చంగా పావు వంతు.

తీగ అనుకొని వేసినాడు,
అది చెవి అయి కూర్చుంది.
ఎక్కడో ఎవరికో ఆయన చెప్పే ప్రతి మాటా
తనకే అనుకొని తల వంచతా ఉంది.

చెప్తే చాలాసేపు గమ్మునుండినాడు.
తర్వాత అన్నాడు:
"అయితే ఈ ఆరేళ్ళల్లో
నా మాట విన్నదొకటుందన్నమాట."

తీగలు రెండూ జడ మాదిరి పేనినా.
తొడుగు కొసను ఎర్తుకు టంకం పెట్టినా,
ఉప్పుగాలికి టంకం రెండుసార్లు మొరాయించింది.
ఏంటెనాను తోక కడుపు కిందికి మార్పించినా.
పాత కంప్యూటరు తీగలు కోసి
లోపలి నల్లపూసలు బయటికి తీసినా, బొటనవేలంత లావు.
నా మెడలోవి చూసి నవ్వినాడు, "ఇవీ అవీ ఒకటేనా?"
"పని ఒకటే" అన్నా. "దిష్టి దూరకుండా."
ఒక్క చుట్టు చాలలా.
మూడు చుట్లు తిప్పితే
ఒకటీ రెండూ మూడూ అంటున్నా
కర్ర కదల్లా.

తెల్లారుజామున, గాలి లేవకముందు, ఎగిరినాడు.
గట్టు మీద నేను, చేతిలో చిన్న రేడియో.
పైన ఇంజను మోత. ఇందులో ఏమీ లేదు.
ఆర్నెల్లు గాల్లో నోరు కట్టుకొని తిరిగినోడు.
"మాట్లాడు" అన్నా.
గరగర.
"ఏం మాట్లాడేది?"
రెక్క వంక చూసినా.
సమంగా ఉంది.
"ఏదైనా."

అప్పుడు మొదలుపెట్టినాడు.
ఉప్పుమడులు పైనించి పలకల మాదిరి ఉండాయనీ,
నాలుగో గుంటలో ఏరేటర్ తిరగడం లేదు, ఎవురిదో చెప్పమనీ,
బకింగ్‌హాం కాలవలో గేదెలు దిగినాయనీ,
చిన్నప్పుడు తను మునిగింది ఆ రేవులోనే అనీ,
ఆ రోజు జుట్టు పట్టి బయటికి లాగిన మనిషి పేరు
ఇన్నేళ్ళకు ఇప్పుడే గుర్తొచ్చిందనీ.
దిగమంటే వినలా.
నా రేడియోలో బ్యాటరీ ఒక్క గీతకొచ్చింది.
ఆ పేరు చెప్పకుండానే
అవతలి ఒడ్డు సంగతికి పొయినాడు.