గాడి మార్చి చూడు

అంబత్తూరులో రాత్రి రెండున్నర.
బయట గాలికి కూడా చెమట పట్టింది.
లోపల నేను స్వెట్టర్ వేసుకుని
చల్లటి వరసలో మోకాళ్ళ మీద ఉన్నాను.

చెవుల్లో దూది ఉండలు. అయినా
వెయ్యి ఫ్యాన్ల హోరు పళ్ళలోకి దిగుతోంది.
పదిహేడో రాక్, కింది నుంచి నాలుగోది.
నారింజ దీపం.
ఆగి ఆగి వెలుగుతోంది, ఏదో చెప్పబోయి మానుకునే మనిషిలా.

లాగ్ చెప్పేది ఒకటే మాట:
బి-మూడు గాడిలో మెమరీ తప్పు చదువుతోంది,
దిద్దుకుంటోంది, మళ్ళీ తప్పు చదువుతోంది.
నెలన్నరలో మూడుసార్లు ఇదే మాట.
మూడుసార్లూ పచ్చటి పలక పీకాను,
కొత్తది నొక్కాను, రెండు పక్కలా టక్కుమంది,
దీపం ఆరింది, సంతకం పెట్టాను.
పీకినదాన్ని కొత్తది వచ్చిన పెట్టెలోనే పడుకోబెట్టి
పైన చీటీ అంటించాను: చెడిపోయినది.

ఈసారి నాలుగోది తెచ్చాడు కొరియర్ కుర్రాడు ఎళిలన్,
రెయిన్‌కోటు లోపల, కడుపుకి ఆనించుకుని.
పెన్ను చేతికిస్తూ అడిగాడు,
"అదే మెషినా అన్నా? మళ్ళీనా?"
నాకు జవాబు రాలేదు.
వాడు వెళ్ళాక పెట్టె విప్పలేదు.

మణికట్టుకి ఎర్తింగ్ పట్టీ బిగించాను.
నాకు పని నేర్పిన కృపావతి మేడమ్
క్యాంటీన్ బల్ల మీద టీ గ్లాసులు అటూ ఇటూ జరిపి
ఒకే ఒక్క పాఠం చెప్పేది:
"అనుమానం ఉన్నదాన్ని పక్కింట్లో పెట్టు.
తప్పు దాని వెంట నడిచి వెళ్తే, దానిదే.
ఉన్నచోటే కూర్చుంటే
ఇల్లు చూడు."

బి-మూడుది ఏ-మూడులో పెట్టాను.
ఏ-మూడుది బి-మూడులో.
పవర్ ఇచ్చాక పదకొండు నిమిషాలు.
సర్వర్ లేవడానికి పట్టే ఆ కాలం
మనిషి తనని తాను వెనకేసుకురావడానికి సరిపోతుంది.

తప్పు కదల్లేదు.
మంచి పలక కూడా ఆ గాడిలో తడబడింది.

హీట్‌సింక్ మరలు ఎదురెదురుగా వదులు చేసి
ప్రాసెసర్ ఎత్తి
ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేశాను.
బంగారు పిన్నులు, వేలకి వేలు,
నారుమడిలా అన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి.
అంచున ఒక్కటి మాత్రం
ఎవరో తొక్కినట్టు పడుకుంది.

ఎవరో.

పక్కనే చట్రం మీద, బూడిదరంగు పేస్టులో ఎండిపోయి
ఒక బొటనవేలి ముద్ర.
ముద్రకి అడ్డంగా ఒక గీత,
తాటిముంజెలు కోస్తూ తొమ్మిదేళ్ళప్పుడు తెగిన గీత.
నా వేలు తెచ్చి పక్కన పెట్టి చూడాల్సిన పని లేదు.
పెట్టి చూశాను.

నెలన్నర కిందట ఈ ప్రాసెసర్ మార్చింది నేనే.
బేసిన్ బ్రిడ్జిలో దిగి
సూళ్ళూరుపేట బండి అందుకోవాలని తొందర.
ఆడలేక మద్దెల ఓడంటారు.
నేను మూడు మద్దెలలు మార్చాను.

పెన్సిల్‌లోంచి ములుకు తీసేసి
ఖాళీ ముక్కుతో ఆ పిన్నుని పట్టుకుని
ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి, ఇంకో వెంట్రుకవాసి.
విరిగితే బోర్డంతా మార్చాలి.
విరగలేదు. ఆ ఓర్పు లోహానిది.

అయిదింటికి దీపం పచ్చబడింది.
రిపోర్టులో కారణం ఎంచుకోమంది తెర:
భాగం లోపం. కరెంటు. దుమ్ము. వేడి. తెలియదు.
చేయి అన్నది ఆ జాబితాలో లేదు.
'తెలియదు' మీద బాణం గుర్తు చాలాసేపు నిలబడింది.
చివరికి 'ఇతరములు' తెరిచి రాశాను:
పిన్ను వంచింది నేను.
ఎప్పుడూ పొడి అక్షరాలు పెట్టేవాణ్ణి,
ఈసారి పూర్తి పేరు, కోవూరు జకరయ్య.

నాలుగో పెట్టె సీలు విప్పకుండా వెనక్కి పోతుంది.
మొదటి మూడూ మాత్రం
శ్రీపెరుంబుదూరు గోదాములోనో, ఏ లారీ అడుగునో,
ఏ తప్పూ లేకుండా
నా చేతిరాత మోసుకుంటూ వెళ్తున్నాయి.