పన్నెండు పక్కన నాలుగు

టోర్స్‌హావ్న్ రేవులో ఆ ఉదయం
ఫెర్రీ సగం ఖాళీగా కదిలింది.
గట్టు మీద ఒక చేపల లారీ మిగిలిపోయింది,
కిందికి ఐసు కరిగి కారుతూ.

లారీ పన్నెండు మీటర్లు, వెనక ట్రైలర్ నాలుగు.
మా ప్రోగ్రామ్ కూడలేదు.
పన్నెండు పక్కన నాలుగు అంటించి
నూట ఇరవై నాలుగు అంది.
మేం అంకెలనుకున్నవి దానికి అక్షరాలు.
అంత పొడవు బండికి ఓడలో చోటు లేదని
మర్యాదగా చెప్పింది కూడా.

ఆ వరుస రాసింది మార్యున్.
వేసవి టికెట్లు తెరవడానికి మూడు రోజులే ఉన్నప్పుడు
ఇది ఏ టైపు అని అడిగిన ప్రతిచోటా
"ఏదైనా" అని రాసి ముందుకు పోయింది.
అందరం చప్పట్లు కొట్టాం.
నేనే గట్టిగా కొట్టాను.

తర్వాత బారుర్ కూర్చున్నాడు.
ప్రతి డబ్బాకీ చీటీ అంటించాడు:
ఇది పొడవు, ఇది బరువు, ఇది మనిషి పేరు,
ఇది ఉండొచ్చు, లేకపోనూవచ్చు.
ఆ చివరి చీటీలకే నెల పట్టింది.
ఎన్నిచోట్ల లేనిదాన్ని ఉందనుకుని
చెయ్యి పట్టుకుని నడిచామో
అప్పుడు తెలిసింది.

ఇక ఒక్క అక్షరదోషం దిద్దినా
తనిఖీకి ఆరు నిమిషాలు.
ఆరు నిమిషాల్లో కాఫీ తాగొచ్చు,
కొండవాలు మీద గొర్రెల్ని లెక్కపెట్టొచ్చు,
ఏం దిద్దుతున్నామో మరిచిపోనూవచ్చు.
నిదానమే ప్రధానం అన్న మాటకి
ఆలస్యం అమృతం విషం అనే సవతి ఉంది.
ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు.

నవంబరులో గాలివాన.
మధ్యాహ్నం ఓడ రద్దు. జనం అప్పటికే బయల్దేరారు,
వాళ్లకి ఒక్క వాక్యం పంపాలి.
తెర మీద నలభై ఒక్క ఎర్రగీతలు,
ఒక్కదానికీ గాలితో సంబంధం లేదు.
బారురే లేచి తనిఖీ ఆపేశాడు,
ఎవరి మొహమూ చూడకుండా.

ఇప్పుడు ఇలా ఉంటున్నాం:
బయటినుంచి ఏది వచ్చినా, పొడవు, బరువు, డబ్బు,
గుమ్మం దగ్గరే నువ్వెవరని అడుగుతాం.
లోపలి గదుల్లో కొన్ని "ఏదైనా"లు ఇంకా తిరుగుతున్నాయి.
వాటి పక్కన మార్యున్ గడువు తేదీ వేసి పెడుతుంది.
కొన్ని తేదీలు దాటిపోయాయి.

నిన్న రేవులో ఆ లారీ డ్రైవర్ యాకుప్ కనిపించాడు.
టికెట్టు చేతిలో ఉండగానే
ముందు బంపరు నుంచి ట్రైలర్ తోక దాకా
బూట్లతో పెద్ద పెద్ద అడుగులు వేసుకుంటూ నడిచాడు.
చివర్లో నావైపు తిరిగి
"పదహారే," అన్నాడు.